ఇంటిలోపలి మొక్కలకు దీపపు వెలుతురు ఎంత కావలెను?

గడచిన కొంతకాలముగా మన చండ్రుగొండ ప్రాంతపు సభ్యులలో కొందఱు ఇంటిలోపల అరలు కట్టి, వానిపై విద్యుద్దీపములు వ్రేలాడదీసి, కొత్తిమీర, మెంతి, పుదీన మొదలగువానిని పెంచుచున్నారు. ముసురు దినములలో మిరప నారు ట్రేలను లోపలికి తెచ్చి దీపము క్రింద నుంచువారును కలరు. ఇది కూడని పని యని మేమనము. కాని యీ గ్రోలైట్లకు సంఘము ఋణమీయవలెననియు, అందును మిక్కిలి బలముగల దీపములకే యీయవలెననియు కొందఱు కోరుచుండుటచే, ఈ విషయమున మా యభిప్రాయమును దాపఱికము లేక వ్రాయుచున్నాము. దీపముయొక్క బలము మొక్క చేయవలసిన పనినిబట్టి యుండవలెను గాని, అమ్మువాని మాటనుబట్టియు మన కంటికి తోచు తళుకునుబట్టియు నుండరాదు. మన ప్రాంతమున ఇంటిలోపల దీపము చేయదగిన పని మిక్కిలి చిన్నది. అది చిన్న దీపముతోనే తీఱును.

వెలుతురును అంచనా కట్టుట మన రైతులకు క్రొత్త విద్య కాదు. తమలపాకు తోటలో తీగెలకు అవిసె చెట్ల నీడ నెంత యుంచవలెనో, ఎప్పుడు కొమ్మలు కొట్టి వెలుతురు విడువవలెనో పెద్దలకు తెలియును. అశ్వారావుపేట, దమ్మపేటల వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలలో కోకో వేసినవారు, నీడ హెచ్చిన కాయ తగ్గుననియు, నీడ బొత్తిగా లేనిచో లేత మొక్క మాడుననియు నెఱుగుదురు. మిరప నారుపై సగము వెలుతురును మాత్రమే విడుచు షేడ్‌నెట్టు కట్టువారును ఈ లెక్కనే చేయుచున్నారు. చేనిలో నీడ యెంత యని యడుగు రైతు, ఇంటిలో వెలుతురెంత యని యడుగుట మఱచుచున్నాడు.

అందులకు కొంతవఱకు కన్నే కారణము. ఎండకు కనుపాప ముడుచుకొనును, చీకటికి విచ్చుకొనును. బయటినుండి లోనికి వచ్చి కొంతసేపు నిలిచినచో, లోపల వెలుతురు చాలినంత యున్నట్లే తోచును. కొలిచి చూచినచో సంగతి వేఱు. మిట్టమధ్యాహ్నపు టెండలో లక్ష లక్సుల వెలుతురుండును. అదే సమయమున తలుపు తెఱచిన నడవలో నాలుగడుగులు లోనికి వెళ్లినచో వేయి, రెండువేలు మిగులుట గొప్ప. రాత్రి ట్యూబులైటు వెలుగుచుండు గదిలో నేలమట్టమున నూఱు, రెండు నూఱులే. మనము పత్రిక చదువుకొనుటకు అది చాలును. మొక్కకు మాత్రము అది పస్తు.

లక్సు అనునది మనుష్యుని కంటికొఱకు ఏర్పడిన కొలత. కన్ను పసుపు కలిసిన ఆకుపచ్చని కాంతిని బాగుగా చూచును, ఎఱుపును నీలమును అంతగా చూడదు. మొక్క యన్ననో ఎఱుపును నీలమును బాగుగా వాడుకొనును. కావున శాస్త్రజ్ఞులు మొక్కకొఱకు వేఱొక కొలత యేర్పఱచిరి. 400 మొదలు 700 నానోమీటర్ల వఱకు గల కాంతికణములు ఒక చదరపు మీటరు చోటున సెకండునకు ఎన్ని పడుచున్నవో లెక్కించి, దానిని మైక్రోమోలులలో చెప్పుదురు. పేరు కష్టమైనను భావము సులభము. వానను మిల్లీమీటర్లలో కొలిచినట్లు, ఆకుపై కురియు వెలుతురును కొలుచుటయే. నిండు ఎండ సుమారు 2000 మైక్రోమోలులు. ఎండలో 54 లక్సులు ఒక మైక్రోమోలుకు సమానము. సామాన్యమైన తెల్లని ఎల్‌ఇడి దీపము క్రింద సుమారు 70 లక్సులు ఒక మైక్రోమోలుకు సమానము. ఈ రెండంకెలు జ్ఞాపకముంచుకొన్నచో హెచ్చు వెలగల యంత్రముల యక్కఱ లేదు.

ఊదా, గులాబి రంగుల దీపముల క్రింద ఈ లెక్క చెల్లదు. అచ్చట లక్సు మీటరు ఉన్నదానికంటె తక్కువ చూపును. మేము తెల్లని దీపములనే కోరుటకు ఇదియొక కారణము. ఊదా వెలుతురులో ఆకు పాలిపోయినదో, తెగులు మచ్చ పడినదో కంటికి తెలియకపోవుట రెండవ కారణము. నారు పెంచువానికి రెండవదే ముఖ్యము.

వానకు వేగమొకటి, దినమునకు కురిసిన మొత్తమొకటి యున్నట్లు, వెలుతురునకును రెండు లెక్కలు కలవు. ఆకుపై పడు మైక్రోమోలులను దీపము వెలిగిన గంటలచే హెచ్చవేసి, దానిని 0.0036 చే మఱల హెచ్చవేసినచో, ఆ దినపు మొత్తము మోలులలో వచ్చును. 200 మైక్రోమోలుల వెలుతురు 14 గంటలు పడినచో సుమారు 10 మోలులు. మన ప్రాంతమున ఆరుబయట సూర్యుడు ఏటి సగటున దినమునకు సుమారు 35 మోలులు వెల లేకయే యిచ్చుచున్నాడు. మిరప, వంగ, టమాటా నారులకు 8 మొదలు 12 మోలులు చాలును. మెంతి, కొత్తిమీర, పుదీనలకు 10 మొదలు 14 ఉన్న మేలు. పూత పూసి కాయ కాయవలసిన మిరపకు, టమాటాకు 20 మొదలు 30 వఱకు కావలెను.

బలమైన దీపము కావలెననువారు ఈ కడపటి యంకెనే చూపుదురు. ఇంటిలోనే మిరప కాయింతుమని వారి యాశ. ఆ లెక్కను తుదవఱకు వేసి చూతము. చదరపు మీటరు చోటున 500 మైక్రోమోలుల వెలుతురు 14 గంటలు పడినచో 25 మోలులగును. మంచి జాతి దీపము జూలుకు రెండున్నర మైక్రోమోలుల నిచ్చును, అందు అయిదింట నాలుగు పాళ్లు ఆకును చేరుననుకొన్నను 250 వాట్ల దీపము వలయును. దినమునకు మూడున్నర యూనిట్లు, నెలకు 105 యూనిట్లు. నారు నాటినది మొదలు కాపు ముగియు వఱకు నాలుగు మాసములనుకొన్నచో 420 యూనిట్లు. ఆ చదరపు మీటరులో రెండడుగుల యెడముతో పట్టునవి మూడే మిరప మొక్కలు! మూడు మొక్కల పచ్చిమిర్చికి 420 యూనిట్ల కరెంటు ఖర్చుచేయుట సేద్యమందుమా, వేడుక యందుమా? వేడుకకు మేము అడ్డుచెప్పము. సంఘపు ఋణము మాత్రము వేడుకలకొఱకు ఏర్పడినది కాదు.

ఇందు మఱియొక చిక్కు కలదు. 2024లో మన రాష్ట్రమున ఆరంభమైన గృహజ్యోతి పథకము క్రింద, అర్హతగల యిండ్లకు నెలకు 200 యూనిట్ల వఱకు బిల్లు లేదు. ఆ మేర దాటిన నెలలో, దాటిన యూనిట్లకే గాక మొత్తము వాడుకకు బిల్లు చెల్లింపవలసివచ్చును. ఫంకాలకు, టీవీకి, మోటారుకు కలిసి 120 యూనిట్లు వాడుకొను ఇంటిలో 105 యూనిట్ల దీపము పెట్టినచో ఆ యిల్లు 225 దగ్గఱకు పోవును. పుదీన కట్టలమ్మి పది రూపాయలు తెచ్చిన యిల్లాలు ఆ పదితోపాటు ఇంకెన్నో పదులు బిల్లునకు పోయవలెను. ఇంటి వాడుకను మొదట మూడు నెలల బిల్లులు చూచి తెలిసికొనక, ఎవ్వరును బలమైన దీపము కొనవలదు. పొలము మోటారు కనెక్షనునుండి తీగె లాగి ఇంటిలో దీపము పెట్టుదుమను ఆలోచన కొందఱకు రావచ్చును. అది చట్టవిరుద్ధము, ప్రాణాపాయము. దానిని గుఱించి యింతకంటె వ్రాయము.

అసలీ బలమైన దీపముల మాట మనకెక్కడనుండి వచ్చినది? సెల్‌ఫోనులో చూచు చిత్రములనుండి వచ్చినది. ఆ చిత్రములు చేయువారిలో పెక్కుమంది శీతదేశముల వారు. అమెరికాలోని షికాగో నగరమున డిసెంబరు నెలలో పగలు తొమ్మిది గంటలే. ఆరుబయట పడు వెలుతురు మొత్తము మన దానిలో నాలుగవ వంతు. అచ్చట నివసించు మన తెలుగు పిల్లలు కరివేపాకు చెట్టును చలికి వెఱచి తొట్టితో సహా ఇంటిలోనికి చేర్చి దీపము పెట్టుదురు. వారికి అది న్యాయమే. మన చండ్రుగొండలో మిక్కిలి పొట్టిదైన పగలు సైతము పదకొండు గంటలకు తగ్గదు. వారి మందు చీటీ తెచ్చి మన రోగికి మందు పోయుట తగదు. మన వారిలోనైనను కొత్తగూడెములో ఎండ తగులని క్వార్టర్లలో నుండువారికి దీపముతో కొంత పని యుండవచ్చును. వాకిలియు పెరడును గల పల్లె యింటికి అంత పని లేదు.

పెట్టెలపై వ్రాయు అంకెలను గుఱించి ఒక మాట. వాటు అనునది దీపము తిను కరెంటును తెలుపును గాని యిచ్చు వెలుతురును తెలుపదు. ఎద్దు తిన్న మేత చెప్పి, దున్నిన చాళ్లు చెప్పకుండుట వంటిదిది. కొన్ని దీపముల పెట్టెలపై ‘1000 వాట్లకు సమానము’ అని పెద్ద అక్షరములతో నుండును, దీపము నిజముగా వాడునది నూఱు వాట్లయినను కాకపోవచ్చును. సమానమను మాటను నమ్మక, అసలు వాడు వాట్లెన్ని, జూలుకు ఎన్ని మైక్రోమోలులు అని యడుగుడు. చెప్పలేనివానియొద్ద కొనకుడు. ఇంటిలో వాడు మామూలు ఎల్‌ఇడి ట్యూబులైటు జూలుకు ఒకటిన్నర మైక్రోమోలుల వఱకు ఇచ్చును. గ్రోలైటంత పొదుపు కాకపోయినను దాని వెల తక్కువ, ఏ యంగడిలోనైనను దొరకును, చెడినచో మార్చుట సులభము.

వెలుతురు హెచ్చిన కొలది పంట హెచ్చుననువారికి పాత సంగతి యొకటి చెప్పుదుము. ఇంగ్లండులో విలియం సీమెన్సు 1880లో విద్యుద్దీపపు వెలుతురున మొక్కలు పెరుగునని చూపెను. తరువాత అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున లిబర్టీ హైడ్ బెయిలీ అను ఉద్యానశాస్త్రజ్ఞుడు తన ప్రయోగముల ఫలితములను 1891లో ప్రకటించెను. ఆ దీపము క్రింద లెట్యూసు అను ఆకుకూర త్వరగా పెరిగెను గాని, గాజుబుడ్డి లేని దీపమునకు దగ్గఱగా నున్న మొక్కలు దెబ్బతినెను. దీపములు మాఱినవి. ఆకు స్వభావము మాఱలేదు. తాను వాడుకొనగలిగినదానికి మించి వెలుతురు పడినచో ఆకు అంచులు పైకి ముడుచుకొనును, నడిమి భాగము తెల్లబాఱును. వెలుతురు చాలనిచో కాడ సన్నగిల్లి పొడుగుగా సాగును, కణుపునకు కణుపునకు ఎడము హెచ్చును, ఆకు లేత పసుపు రంగునకు తిరుగును. ఇట్లు సాగిన మిరప నారును చేనిలో నాటినచో మొదటి గాలికే ఒఱగును.

మిరప నారు మాట వచ్చినది గావున, ముసురు దినముల పద్ధతిని గుఱించి మా యభిప్రాయము స్పష్టముగా చెప్పుదుము. జూలై, ఆగస్టు మాసములలో అడవి యంచున నున్న మన గ్రామములలో వాన రోజుల తరబడి విడువదు. నారుకుళ్లు భయముచే ట్రేలను పశువుల కొట్టములోనికో నడవలోనికో చేర్చుదురు. కుళ్లు తప్పును గాని నారు సాగిపోవును. అప్పుడు దీపముకొఱకు పరుగెత్తుదురు. ముసురు పట్టిన పగటి వేళ సైతము ఆరుబయట పదివేల లక్సుల వెలుతురు సామాన్యముగా నుండును. మబ్బు పలుచబడినచో ఇరువదివేలు దాటును. అనగా దాదాపు 200 మొదలు 400 మైక్రోమోలులు, నారునకు కావలసినంత. మనకు బయట అక్కఱలేనిది వాన మాత్రమే, వెలుతురు కాదు. కావున వెదురు బద్దలు వంచి, వానిపై తెల్లని పారదర్శకమైన పాలిథీను కాగితము కప్పి, రెండు ప్రక్కల గాలి యాడునట్లు జానెడు ఎత్తు వదలి, ట్రేలను నేలకు తగులక యెత్తుగా నుంచినచో, వాన ఆగును, వెలుతురు నిలుచును. నీలి, నల్ల టార్పాలిన్ పట్టాలు వలదు. అవి వాననే గాక వెలుతురును ఆపును. ఎండ విడిచిన వెంటనే కాగితమును తొలగింపవలెను, లేనిచో లోపల ఆవిరికి నారు ఉడికిపోవును. ఇన్ని ట్రేలకు ఇంటిలో దీపము పెట్టు ఖర్చుతో పోల్చినచో బద్దలకు, కాగితమునకు అగు ఖర్చు లెక్కలోనిది కాదు.

ఇక దీపమే కావలెననువారికి, అనగా ఇంటి వాడుకకు ఆకుకూర పెంచువారికిని, కొలది ట్రేల నారును జాగ్రత్తగా పెంచువారికిని, చాలినంత బలమెంతో చెప్పుదుము. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల అర తీసికొనుడు. దానిపై 20 వాట్ల తెల్లని ఎల్‌ఇడి ట్యూబులు, ఒక్కొక్కటి 2000 ల్యూమెనుల వెలుతురిచ్చునవి, నాలుగు బిగించినచో ఆకుపై సుమారు 150 మైక్రోమోలులు, అనగా పదివేల లక్సులకు పైన, పడును. 15 గంటలు వెలిగించినచో 8 మోలులు. నారునకు ఇది చాలును. నెలకు 36 యూనిట్లగును. ఆకుకూరకైనచో ఆఱు ట్యూబులు బిగించి 14 గంటలు వెలిగించిన 11 మోలులు వచ్చును, నెలకు 50 యూనిట్లు. ఇంతకు మించి యెవ్వరికిని అక్కఱలేదు. అరకు మూడు ప్రక్కల పలకలు నిలిపి దట్టముగా సున్నము కొట్టినచో ప్రక్కలకు పోవు వెలుతురు మఱల మొక్కలపైకి వచ్చును. సున్నపు పూతకు మించిన అద్దము పల్లెటూరిలో లేదు.

దీపము ఆకుకు జానెడు మొదలు అడుగు ఎత్తున నుండవలెను. చిన్న గుండ్రని దీపమైనచో దూరము రెట్టింపయినపుడు వెలుతురు నాలుగవ వంతునకు దిగును. పొడవైన ట్యూబుల క్రింద అంతగా తగ్గదు గాని తగ్గును. మేము చూచిన ఇండ్లలో తఱచుగా కనబడినది దీపపు బలహీనత కాదు, ఎత్తు. దూలమునకు కట్టిన దీపము నేలనున్న తొట్టిని పోషింపజాలదు. మొక్క పెరిగిన కొలది పైకి జరుపుటకు వీలుగా గొలుసుతో వ్రేలాడదీయుడు. తూర్పు వసారాలో ఉదయము మూడు గంటలు ఎండ పడు చోటున్నచో అదియే ఆఱు మోలుల వఱకు ఇచ్చును. అట్టి చోట రెండు ట్యూబులతోనే నారు నిలుచును.

వెలిగించు వేళ పగలే కావలెను. పగలు దీపమేల యని ఇంటివారు నవ్వుదురు, నవ్వనిండు. అడవి దగ్గఱ గ్రామములలో వానకాలపు రాత్రి దీపము పెట్టినచో ఉసిళ్లు, రెక్కల పురుగులు ఇల్లు నిండును. పొలములో దీపపు ఎర పెట్టి మనము పిలుచు తల్లిపురుగులనే నట్టింటికి పిలిచి, నారుపై గ్రుడ్లు పెట్టుమన్నట్లగును. తెల్లవాఱుజామున అయిదింటికి మొదలిడి దీపాల వేళకు ఆర్పినచో ఈ బాధ చాలవఱకు తప్పును. ఇరువదినాలుగు గంటలు వెలిగించుట మాత్రము వలదు. మొక్కకు చీకటియు కావలెను. కొత్తిమీరకు పగలు మిక్కిలి పొడిగించినచో ఆకు తఱిగి త్వరగా పూతకు పోవును. గోంగూర స్వభావము దీనికి మాఱు. పగలు పొట్టిదైనపుడే అది పూతకు వచ్చును గావున, పొడిగించిన వెలుతురులో ఆకు నిచ్చుచునే యుండును. పుట్టగొడుగులకు గ్రోలైటు కావలెనని యడిగినవారును కలరు. అవి వెలుతురుతో ఆహారము వండుకొనునవి కావు. వానికి ఈ దీపములు వృథా.

నీరు పోయు చోట కరెంటుండుట చేత, ఎర్తింగు లేని ఇంటిలో ఈ పని తలపెట్టవలదు. జాయింట్లు తట్టలకు పైన నుండవలెను. నీరు పోయునపుడు స్విచ్చి ఆర్పవలెను.

సంఘమునకు మా సూచన యిది. బలమైన దీపముల ఋణ దరఖాస్తులను ప్రస్తుతము త్రోసిపుచ్చవలెను. ట్యూబుల అర కట్టుకొనువారికి చిన్న మొత్తము ఋణముగా నీయవచ్చును, అదియు మూడు నెలల కరెంటు బిల్లులు చూచిన పిమ్మటనే. ఋణములకంటె ముందుగా సంఘము ఒక లక్సు మీటరును ఉమ్మడిగా కొనవలెను. దాని వెల వేయి, రెండువేల రూపాయలకు మించదు. సెల్‌ఫోనుతోనే కొలువవచ్చునని యువకులు చెప్పుచున్నారు. ఆ కొలత ఫోనునకు ఫోనునకు మాఱుచుండును. ఇచ్చట హెచ్చు, అచ్చట తక్కువ యని పోల్చుటకే పనికివచ్చును. మీటరును కొన్న పిమ్మట అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల వారిని అడిగి ఒకసారి సరిచూపించుకొనుట మేలు.

మీటరును సంఘ కార్యాలయమున నుంచి, కావలసిన సభ్యునికి ఒక దినమునకు ఈయవలెను. తీసికొనిపోయినవారు ఆకు మట్టమున, అర నాలుగు మూలలను, నడుమను కొలిచి, ఆ యైదంకెలను, దీపపు వాట్లను, ఎత్తును, వెలిగించు గంటలను పుస్తకమున వ్రాసి, మీటరును తడి తగులనీయక మఱునాటి సాయంకాలమునకు అప్పగింపవలెను.